ఏ సముద్రం పక్క?

మారా ముప్పై ఏళ్ళకు పైగా బస్సు తోలాడు, ఎక్కడికీ పోలేదు. ఈ మాట మొయెకా అవ్వది. డ్రైవరు వెనక సీటు ఆవిడ సొంత ఆస్తి. తెలియక ఎవరైనా అందులో కూర్చుంటే, వాళ్ళు లేచేదాకా పక్కనే నిలబడి మొహంలోకి చూస్తూ ఉంటుంది.

రరోటోంగా దీవికి అంచు వెంబడి ఒకటే పెద్ద రోడ్డు. ఎక్కడ బయలుదేరితే తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. దాని మీద రెండు బస్సులు. ఒకటి గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, రెండోది దానికి ఎదురు. మారాది ఎదురు బస్సు. పొద్దున ఎక్కింది మొదలు దిగేదాకా అతనికి ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు సముద్రం.

"ఒరే మారా, నువ్వు తోలిన రోడ్డంతా సాగదీసి పరిస్తే చందమామ దాకా పోయుండేవాడివిరా," అనేది అవ్వ. "ఇంకా ఈ కొబ్బరిచెట్ల సందులోనే ఉన్నావు. ఊరందర్నీ దింపుతావు. నువ్వెక్కడ దిగుతావు?"

"నువ్వు దిగాక దిగుతాలే అవ్వా."

"అయితే ఇద్దరం పెట్టెలో పడుకునే దిగాలి."

దీవి జనానికి కుడీ ఎడమా అంటే పెద్ద పట్టింపు లేదు. కొండ పక్క, సముద్రం పక్క, అంతే. బస్సు ఆపాలన్నా అదే మాట, పందిని ఎక్కడ కట్టేశారో చెప్పాలన్నా అదే మాట. "నీ సముద్రం పక్క చెంప మీద కొబ్బరి తురుము అంటుకుంది, తుడుచుకో" అని పెళ్ళాం అంటే, మొగుడు ఒక్క క్షణం తడుముకోకుండా సరైన చెంపే తుడుచుకుంటాడు. మారాకు బుద్ధెరిగాక ఈ రెండు మాటలూ ఎన్నడూ ద్రోహం చేయలేదు. చేసింది ఒక్కసారే. అది కూడా కన్నకూతురి విషయంలో.

కూతురి పేరు మరామా. ఆ పిల్ల తన కూతురని మారాకు తెలుసు, మొయెకా అవ్వకు తెలుసు, దీవిలో పిల్లాపీచుకు కూడా తెలుసు. ఆ పిల్లకు తెలుసో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

మరామా పుట్టేనాటికి మారా ఇంట్లో నలుగురు మగపిల్లలు. అతని భార్య తెపాయెరుకు ఒక అక్క ఉండేది, అకాయిటీ. ఆక్లాండులో కాపురం. పిల్లల్లేరు. మరామాకు ఏడాది నిండకముందే అకాయిటీ వచ్చింది. చాప మీద కూర్చుని, చెల్లెలు పెట్టిన భోజనం ముట్టకుండా, "ఈ పిల్లకు నేను తినిపిస్తాను" అంది. అక్కడ బిడ్డను పెంపకానికి అడిగే మాట అదే. సొంత అక్క ఆ మాట అన్నాక కుదరదని చెప్పే నోరు దీవిలో ఎవరికీ లేదు. ఇచ్చేటప్పుడు ఏడవనూ కూడదు. తెపాయెరు ఏడవలేదు. పాలు ఇంకిపోవాలని రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుని, టారో మడిలో దిగి మోకాళ్ళ లోతు బురదలో పొద్దుగూకేదాకా దుంపలు పీకింది.

ఇందులో దాపరికమేమీ లేదు. ఇంటికొకరు ఇలా వేరే ఇంట పెరుగుతారు. పెరిగి, మాకు ఇద్దరు తల్లులని గొప్పలు పోతారు. అందుకే ఎవరూ పనిగట్టుకుని మరామాకు చెప్పలేదు. అకాయిటీ చెప్పే ఉంటుంది కదా అనుకున్నారు. మగపిల్లలు ఎదిగి ఆస్ట్రేలియా గనులకు పోయారు. తెపాయెరు చనిపోయింది. నిరుడు అకాయిటీ కూడా పోయింది. ఆ తరవాత, మా అమ్మ పుట్టిన నేల చూస్తానంటూ, ఇరవై ఏడేళ్ళ మరామా మొదటిసారి దీవిలో దిగింది.

విమానాశ్రయంలో మారా పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల దగ్గరకు వచ్చి, తల వంచి దండ వేయించుకుని, "పాపా మారా!" అని కావలించుకుంది.

ఆ ఒక్క పిలుపుకే అతని ప్రాణం కొట్టుకులాడింది. మన చెవికి చంటిపిల్లను పిలిచినట్టు ఉంటుంది కానీ, అక్కడ పాపా అంటే నాన్న. అక్కడితో అయితే బాధే లేకపోను. ఊళ్ళో తల నెరిసిన ప్రతి మగాడూ పాపాయే. చేపలమ్మేవాడు పాపా, చర్చిలో గంట కొట్టేవాడు పాపా. ఈ పిల్ల పిలిచింది ఏ పాపా? మారా ఆమె మొహంలోకి చూశాడు. తెపాయెరు గడ్డం, తెపాయెరు పెద్ద నుదురు. కళ్ళల్లో మాత్రం ఏ సంగతీ కనబడలేదు.

ఇంటికి తీసుకెళ్ళాడు. వైమాంగాలో, కొండ పక్క ఇల్లు. రోడ్డు దాటితే సముద్రం. వాకిట్లో తెల్లసున్నం వేసిన తెపాయెరు సమాధి, దాని మీద రేకుల పందిరి. మరామా ఆ సమాధి అంచు మీదే కూర్చుని, కాళ్ళూపుకుంటూ, అరటిపండ్ల పాయసం గిన్నె ఖాళీ చేసింది.

"పిన్ని సమాధి చల్లగా ఉంది పాపా. ఇక్కడే పడుకోవాలనిపిస్తోంది," అంది.

పిన్ని అంది! మారా నీళ్ళు తెస్తానని లోపలికి పోయి, వంటింట్లో గోడకు చేరబడి చాలాసేపు ఉండిపోయాడు. చాప పరిచి, కొత్త దిండు గలీబు తొడిగి ఉంచిన గది తలుపు తెరిచే ఉంది. మరామా ఆ గదిలో ఉండలేదు. పడమటి ఒడ్డున, అరోరాంగిలో, ఎవరో స్నేహితురాలు చెప్పిన బసలో గది తీసుకుంది. "మీకెందుకు ఇబ్బంది," అంది. సొంత ఇంట్లో ఉండడానికి ఇబ్బందేమిటో మారాకు అర్థం కాలేదు.

"చెప్పరా ముందు," అని అవ్వ పోరింది.

"తెలిసే వచ్చిందేమో అవ్వా. తెలిసినదాన్నే చెబితే వెర్రివాణ్ణనుకోదూ?"

"తెలిస్తే తల్లి సమాధి మీద కూర్చుని పిన్నీ పిన్నీ అంటుందట్రా?"

"తెలియకపోతే మటుకు, రోడ్డు మీద బస్సాపి చెప్పమంటావా? పోయిన అకాయిటీని అబద్ధాలకోరును చేసి?"

"అదీ నిజమే," అంది అవ్వ. కాసేపటికి మళ్ళీ, "అయినా చెప్పు," అంది.

మరామా రోజూ ఎదురు బస్సే ఎక్కేది. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగేది. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి వేరే చోట చెయ్యెత్తి నిలబడేది. పెద్ద రోడ్డుకు లోపలగా టారో మడుల మధ్య పోయే పాత రాళ్ళబాట వెంట నడిచింది. వాగుల్లోకి దిగింది. ఎవరి వాకిట్లోకి పడితే వాళ్ళ వాకిట్లోకి పోయి కొబ్బరినీళ్ళు తాగొచ్చింది. ఎక్కడికి పోయినా జనం ఆమె చేతులు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు. గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసేవాళ్ళు. "ఇక్కడి వాళ్ళకు ఎంత ప్రేమ పాపా!" అనేది. మారా రోడ్డు వైపే చూస్తూ తల ఊపేవాడు.

దీవి భాష ఆమెకు అకాయిటీ దగ్గర విన్నంత మేరకే వచ్చు. మా అనాల్సిన చోటా, మీ అనాల్సిన చోటా మన అనేది. ఒకనాడు అవ్వను పట్టుకుని, "మన ఆయన ఏం పని చేసేవారు?" అని అడిగింది. బస్సు బస్సంతా గొల్లుమంది.

"ఓసి పిల్లా, మన ఆయనేంటే! ఆ మనిషి పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు వాటాకొచ్చావా?" అని అవ్వ బుగ్గ గిల్లింది. ఆపైన పాఠం చెప్పింది. "మన అంటే నువ్వూ నేనూ కలిపి. మా అంటే నిన్ను గడప బయట పెట్టి. తెలిసిందా?"

తెలిసింది. ఆ పాఠం చురుగ్గా పట్టేసింది. మర్నాడు అరోరాంగిలో ఎక్కుతూ, "నిన్న సాయంత్రం మా సముద్రం ఎంత ఎర్రగా అయిందో చూశారా పాపా?" అంది. తప్పులేకుండా అంది. తాను బస చేసిన ఒడ్డు మా సముద్రమైంది, తండ్రి గడప బయట నిలబడ్డాడు. మారా ఆ పూట మూరి మలుపు దగ్గర గేరు సరిగా పడక బస్సును కుదిపేశాడు.

ఒకనాడు మరామా, దీవి మధ్యలోంచి నడిచి అటునుంచి ఇటు దాటాలని ఉందంది. ఉత్తరపు ఒడ్డున అవటియు రేవు దగ్గర లోయలోకి దూరి, సూదికొండ మొదలు దాకా ఎక్కి, దక్షిణాన వైమాంగాలో దిగాలి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి మారా ఇంటి వెనక తేలుతుంది. అది వినగానే మారా మనసులో గట్టిగా అనుకున్నాడు. ఆ పూటే, ఆ భోజనం దగ్గరే, తెపాయెరు పక్కనే కూర్చోబెట్టి చెప్పేయాలి.

ఆ మధ్యాహ్నానికి సెలవు పెట్టుకున్నాడు. తెల్లవారకముందే వాకిట్లో గుంట పొయ్యి రాజేసి, కాలిన రాళ్ళ మీద కోడినీ, టారో దుంపల్నీ, కొబ్బరిపాలు పోసిన టారో ఆకునూ సర్ది, అరటాకులు కప్పి, మట్టి పోశాడు. కాపలాకు అవ్వను కూర్చోబెట్టి బస్సుకు పోయాడు. రేవు దగ్గర మరామాను దింపుతూ దారి చెప్పాడు. మోకాలు వాచి ఉంది, లేకపోతే తానే వెంట వెళ్ళేవాడు.

"చూడు తల్లీ, లోయ పట్టుకుని పో. వాగు నీ కూడానే వస్తుంది. తరవాత చెట్లవేళ్ళు పట్టుకుని ఎక్కాలి. సూదికొండ మొదట్లో దారి రెండుగా చీలుతుంది. ఒకటి కొండ పక్క, ఒకటి సముద్రం పక్క. నువ్వు సముద్రం పక్కది పట్టుకో. తిన్నగా ఇంటి వెనక్కి దిగుతావు."

"సముద్రం పక్కది," అంది మరామా.

"అంతే. చంటిపిల్లలు కూడా తప్పరు."

రేవు దగ్గర తిరిగే పసుపురంగు కుక్క ఒకటి ఆమె వెంట పడింది. కొండెక్కే కొత్తవాళ్ళెవరు కనబడ్డా ముందు నడిచి అవతల ఒడ్డు దాకా దింపి రావడం దాని అలవాటు. జనం దాన్ని గైడు అని పిలుస్తారు. గైడు తోక ఆడిస్తూ ముందు పోయింది, మరామా చెయ్యి ఊపుతూ వెనక పోయింది. మారాకు మనసు కుదుటపడింది.

మధ్యాహ్నమయింది. మారా గుంట పొయ్యి మీద మట్టి తీయలేదు, ఆ పిల్ల వచ్చాక ఆమె ముందే తీయాలని. ఎండ కొబ్బరిచెట్ల మీదికి జరిగింది. కొండ మీద మబ్బు దిగి సూదికొండను మింగేసింది. ఫోను చేస్తే మోగలేదు.

"కుర్రది, అక్కడా ఇక్కడా కూర్చుంటూ వస్తోందిలే," అంది అవ్వ. ఆవిడ గొంతు ఆవిడ మాటను నమ్మలేదు.

అంతలో ఇంటి వెనక పొదలు కదిలాయి. మారా లేచి నిలబడ్డాడు. గైడు వచ్చింది. ఒళ్ళంతా బురద, తోక కాళ్ళ సందున. వెనక ఎవరూ లేరు.

"అవ్వా, చర్చి గంట కొట్టించు. మగాళ్ళందర్నీ పైకి రమ్మను," అని మారా కర్ర తీసుకుని బయలుదేరాడు.

"నీ మోకాలురా!"

"మోకాలు పాడుగాను!" అన్నాడు. మారా నోట ఆ మాట అవ్వ ఎన్నడూ వినలేదు.

గైడు ముందు, మారా వెనక. వాగు దాటాడు, మళ్ళీ దాటాడు. కిందనుంచి వేళగాని వేళ గంట వినిపించింది. చెట్లవేళ్ళు తడిసి జారుతున్నాయి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో వేరు పట్టుకుని, వాచిన కాలు ఈడ్చుకుంటూ ఎక్కాడు. దేవుడికి మొక్కుకోలేదు, తెపాయెరుకు మొక్కుకున్నాడు. "మీ అక్కకు ఒకసారి ఇచ్చేసింది చాలదా? నువ్వూ అడగకే. నీకు దణ్ణం పెడతాను, నువ్వు అడగకు," అని గొణుక్కుంటూ ఎక్కాడు.

సూదికొండ మొదట్లో దారి చీలిన చోటు. పడుచుతనంలో ఎప్పుడో వచ్చి, పందులు వేటాడే కుర్రాళ్ళతో అరుచుకుంటూ దిగిపోవడమే కానీ, ఆ చోట నిలబడి నాలుగు వైపులా చూసిన పాపాన పోలేదు. గాలికి మబ్బు తెర విడిపోయింది. మారా చూశాడు. ఉత్తరాన సముద్రం. పడమట సముద్రం. దక్షిణాన సముద్రం.

ఏ దారి సముద్రం పక్క కాదు?

మారా రాయి మీద కూలబడ్డాడు. తన ఇంటి వాకిట్లో నిలబడితే ఉన్నది ఒకటే సముద్రం. పుట్టినప్పటి నుంచీ ఆ వాకిలిని వెంటేసుకుని తిరుగుతూ మాట్లాడాడు. ఆ వాకిలి లేని మనిషిని ఈ కొండ నెత్తి మీదికి పంపించి, చంటిపిల్లలు కూడా తప్పరని చెప్పాడు. "ఎంత పని చేశానురా దేవుడా," అని పైకే అన్నాడు. గైడు వచ్చి మోకాలి మీద మూతి ఆనించింది.

అప్పుడు తట్టింది. ఆ పిల్లకు సముద్రమంటే ఏది? రోజూ సాయంత్రం ఎర్రబడేది. మా సముద్రం. తండ్రి ఇంట్లో, ఆ తెరిచి ఉంచిన గదిలో పడుకుని లేచి ఉంటే, దక్షిణాన కనబడేదే ఆమె సముద్రమయ్యేది. పడుకోలేదు. కాబట్టి పడమటికే పోయింది.

పడమటి వైపు దారి లేదు. దారిలా మొదలై, నడుం ఎత్తు పెరిగిన ఫెర్ను పొదల్లో కలిసిపోతుంది. ఆ ఆకుల కింద నేల ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో తెలియదు. మారా కర్రతో పొడుచుకుంటూ దిగాడు. పొదలు విరిగిన జాడ కనబడింది, ఆ కింద మట్టి కోసుకుపోయి జారిన జాడ కనబడింది.

"మరామా!"

ఇంకాస్త దిగాడు. గైడు మొరిగింది.

"మరామా! అమ్మా!"

"పాపా!" అని కిందనుంచి వచ్చింది. సన్నగా, ఏడుపు గొంతుతో. "పాపా, ఇక్కడ!"

ఏ పాపా అని మారా ఆ క్షణాన ఆలోచించలేదు.

ఇరుకు వాగు గొందిలో, తడి రాయికి వీపు ఆనించి కూర్చుని ఉంది. చీలమండ కమిలి వాచింది. మోచేతులు గీరుకుపోయాయి. ఫోను నీళ్ళపాలైంది. మారా పక్కన చేరి, తన చొక్కా విప్పి ఆమె భుజాలకు కప్పి, కాలు తడిమి చూశాడు. విరగలేదు.

"మీరు సముద్రం పక్క అన్నారు," అంది మరామా, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా. "ఎటు చూసినా సముద్రమే పాపా. ఎంతసేపు నిలబడ్డానో. చివరికి మా సముద్రం వైపు వచ్చాను."

"అది నీ సముద్రం కాదే తల్లీ," అన్నాడు మారా. అనేశాక ఇక ఆగలేదు. "నీది ఇవతలిది. మన ఇంటి ముందుది. నువ్వు ఆ ఇంట్లోనే పుట్టావు."

మరామా అతని వైపు చూసింది. మారా నోరు పెగల్చుకుని మొత్తం చెప్పాడు. వాకిట్లో, మంచి భోజనం ముందు, మెత్తటి మాటలతో చెప్పాలనుకున్నది, బురదలో, ఒంటిమీద చొక్కా లేకుండా, వరస తప్పి చెప్పాడు. అకాయిటీ చాప మీద కూర్చోవడం, తినిపిస్తాననడం, తెపాయెరు గుడ్డ కట్టుకోవడం.

మరామా, "పిన్ని సమాధి మీద కూర్చుని తిన్నాను," అంది.

"పిన్ని కాదమ్మా."

"అదే చెబుతున్నాను. ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ."

"బస్సులో వాళ్ళకీ?"

"వాళ్ళకీ తెలుసమ్మా."

"నా గడ్డం పట్టుకుని చూసిన వాళ్ళందరికీ తెలుసు. ఎంత ప్రేమో అనుకుంటూ తిరిగాను. ఈ కుక్కకు కూడా తెలిసే ఉంటుంది, నాకు తప్ప." నవ్వబోయి ఏడ్చింది. "మీరు ఆపలేదా? అమ్మ అడిగితే ఇచ్చేశారా? నన్ను ఎవరు తీసుకెళ్ళి విమానం ఎక్కించారు?"

"నేనే. నా బస్సులోనే. గడియారపు బస్సులో అయితే తొందరగా పోతుంది. ఎదురు బస్సు తూర్పుగా చుట్టు తిరిగి పోతుంది కదా. అందుకని అదే ఎక్కించాను. ఇంకాస్తసేపు ఉంటావని."

మరామా మొహం తిప్పేసుకుంది. పైనుంచి మగాళ్ళ కేకలు వినిపించాయి. వాళ్ళు వచ్చి, గోనెసంచి వాసానికి కట్టి, అందులో ఆమెను కూర్చోబెట్టి, పొద్దు వాలకముందే కిందికి దింపారు. దింపింది మారా ఇంటి వెనక్కే. అవ్వ గుంట పొయ్యి తెరిచి, ఆకులో భోజనం పెట్టి తెచ్చింది. మరామా ముట్టలేదు. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని అరోరాంగి బసకు పోయింది.

ఆ తరవాత ఆమె ఎదురు బస్సు ఎక్కలేదు. టూటాయి అనే ఆయన తోలే గడియారపు బస్సు ఎక్కింది. ఒక చుట్టులో రెండుసార్లు బస్సులు రెండూ ఎదురుపడతాయి. ఎదురుపడ్డప్పుడల్లా మారా అటు చూసేవాడు. కిటికీలో మరామా ఉంటే, ఆమె తన వైపు కాక ముందుకు చూస్తూ ఉండేది. లేనప్పుడు టూటాయి బస్సు నెమ్మది చేసి, కిటికీలోంచి కేకేసి చెప్పేవాడు. "కుంటుతోందన్నా, నడుస్తోంది!" ఒకసారి, "ఇవాళ మాట్లాడింది. గాలి ఎక్కువగా ఉందంది!" అన్నాడు. మారా ఆ గాలి మాట మీదే ఆ రోజంతా బతికాడు.

అవ్వ కూడా దెప్పడం మానేసింది. ఆవిడ దెప్పకపోతే మారాకు మరీ భయం వేసింది.

మరామా ప్రయాణం రోజు వచ్చింది. విమానం సాయంత్రానికి. అరోరాంగి నుంచి విమానాశ్రయానికి పోవాలంటే రోడ్డుకు సముద్రం పక్క నిలబడి గడియారపు బస్సు ఎక్కాలి. కొండ పక్క నిలబడితే వచ్చేది ఎదురు బస్సు, పోయేది వైమాంగాకు. పొద్దున్నుంచీ మారా ఆ మలుపు తిరిగినప్పుడల్లా ముందు సముద్రం పక్క చూస్తున్నాడు. ఖాళీ. కొండ పక్క చూసే ధైర్యం చేయలేదు. మధ్యాహ్నం చుట్టులో మలుపు తిరిగాడు. సముద్రం పక్క ఎవరూ లేరు.

"ఒరే, బ్రేకు వెయ్యి!" అని అవ్వ అరిచింది.

కొండ పక్క, మందారపు కంచెకు ఆనుకుని, మరామా నిలబడి ఉంది. సంచీ ఏదీ లేదు. చేతిలో తెల్లపూల దండ ఒకటి ఉంది. కుంటుతూ ఎక్కింది. మొయెకా అవ్వ తన సీట్లోంచి లేచింది. లేచి, పైన కడ్డీ పట్టుకుని, కూర్చోమన్నట్టు సీటు మీద చేత్తో తట్టింది. మరామా కూర్చుంది.

మారా అద్దంలోకి చూశాడు. ఊరందర్నీ అడిగే మాటే అడిగాడు. "ఎక్కడ దిగుతావమ్మా?"

"అమ్మ దగ్గర ఆపండి."

మారా మరి అద్దంలోకి చూడలేదు. కళ్ళు మసకబారి రోడ్డే సరిగా కనబడలేదు, అయినా ఆ రోడ్డు అతనికి చూడనక్కర్లేదు. వైమాంగాలో, తన ఇంటి ముందు, కొండ పక్క బస్సు ఆపాడు. మరామా దిగింది. వాకిట్లోకి పోయి, ముందు చెప్పులు విప్పింది. దండ సమాధి తలవైపు పెట్టింది. తరవాత మొదటినాడు కూర్చున్న అంచు మీదే కూర్చుని, రోడ్డు అవతల సముద్రం వైపు చూసింది.

ఇంజను గురగురలాడుతోంది. వేళ దాటిపోతోంది. బస్సులో ఒక్కరు కూడా పోనివ్వమనలేదు.

మరామా తల తిప్పి బస్సు వైపు చూసింది.

"మీరు దిగరా?" అంది.

మారా చక్రం మీంచి చేతులు తీయలేకపోయాడు. అవ్వ విసనకర్రతో అతని భుజం మీద ఒక్కటి వేసి, "దిగరా వెధవా," అంది.

మారా ఇంజను ఆపాడు. తాళం చెవి అవ్వ చేతిలో పెట్టి, మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగాడు.